చెరువులో దొరికింది రొయ్యా, క్రేఫిషా? రంగు చూడకండి, మూడో కాలు చూడండి

వానకాలం మత్తడి దూకినప్పుడు ఒకసారి, ఎండాకాలం చెరువు అడుగంటి పెద్ద వలలు లాగినప్పుడు ఇంకోసారి, వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "పెద్ద పెద్ద కత్తెరలున్నది ఒకటి వలలో పడింది. ఇది లాబ్‌స్టరా, క్రేఫిషా, కొత్త రకం రొయ్యా?" ఫోటో చూస్తే చాలాసార్లు అది చెరువులో వదిలిన నీలకంఠ రొయ్యే అయివుంటుంది. కానీ "చాలాసార్లు" అన్న మాట మీద వదిలేయడానికి లేదు. ఆ ఒక్కటి నిజంగానే క్రేఫిష్ (చూడటానికి చిన్న లాబ్‌స్టర్‌లా, పెద్ద కత్తెరలతో ఉండే మంచినీటి జీవి) అయితే తర్వాత చేయాల్సిన పని పూర్తిగా వేరు.

ముందే తెలియాల్సినవి రెండే. మొదటిది, మన దేశంలో సహజంగా పుట్టిన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. అమెరికా ఖండాలు, యూరప్, తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మడగాస్కర్... వాటి సొంత ఊళ్లు ఇవి. మన చెరువులో కనిపించిందంటే ఎవరో అక్వేరియం నుంచి తెచ్చి వదిలారనే లెక్క. రెండోది, లాబ్‌స్టర్ సముద్రపు జీవి. అక్వేరియం షాపులో "బ్లూ లాబ్‌స్టర్" పేరుతో మంచినీళ్ల తొట్టిలో అమ్మేది క్రేఫిష్. కాబట్టి మంచినీటి చెరువు దగ్గర లాబ్‌స్టర్ అనే ఆలోచన పక్కన పెట్టేయండి.

కావలసినవి

- మూత ఉన్న బకెట్, అదే చెరువు నీళ్లు
- తెల్లటి ప్లాస్టిక్ ట్రే లేదా స్టీలు పళ్లెం
- 30 సెంటీమీటర్ల స్కేలు
- భూతద్దం. లేకపోతే దగ్గరి ఫోటో స్పష్టంగా తీసే ఫోన్ చాలు
- రెండు టూత్‌పిక్‌లు లేదా అగ్గిపుల్లలు, కాళ్లు విడదీయడానికి
- తడి గుడ్డ

మైక్రోస్కోపు అక్కర్లేదు. ఇక్కడ చెప్పినవన్నీ 6 సెంటీమీటర్లు దాటిన జీవి మీద కంటితోనే కనిపిస్తాయి. అంతకంటే చిన్నదైతే భూతద్దం తప్పదు.

1. పట్టుకోండి, బకెట్లో వేసి రెండు నిమిషాలు చూడండి

పెద్ద కత్తెరల వెనక, తల డొప్పను రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకోవాలి. తోక పట్టుకుంటే ఒక్క విదిలింపుతో జారిపోతుంది. రొయ్య అయితే తలమీది ముల్లు అరచేతిలో దిగుతుంది. తడి గుడ్డతో పట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

బకెట్లో జానెడు లోతు నీళ్లు పోసి వదలండి. రొయ్య కడుపు కింది ఈతకాళ్లు ఆడిస్తూ ముందుకు ఈదుతుంది. క్రేఫిష్ అడుగున నడుస్తుంది. బెదిరిస్తే రెండూ తోక కొట్టి వెనక్కే దూకుతాయి కాబట్టి వెనక్కి దూకడం గుర్తు కాదు. తాపీగా ముందుకు ఈదిందా లేదా అన్నదే గుర్తు. అలసిన రొయ్య కూడా అడుగునే పడివుంటుంది, అందుకని ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

మూత పెట్టడం మరవకండి. క్రేఫిష్ గోడ పట్టు దొరికితే ఎక్కి వెళ్లిపోతుంది. తడి ఉన్నంతసేపు నీళ్ల బయట గంటల తరబడి బతుకుతుంది. రొయ్యకు అంత ఓపిక లేదు, ఎండాకాలం బకెట్ నీడలో పెట్టకపోతే మీ పరిశీలన పూర్తయ్యేలోపే చచ్చిపోతుంది.

2. ఎండ్రికాయను తీసేయండి

పొలం గెట్ల బొరియల్లో ఉండే ఎండ్రికాయను ఎవరూ రొయ్య అనుకోరు. కానీ కాళ్లు ఊడి, చితికి వలలో వస్తే గందరగోళం ఉంటుంది. తిరగేసి చూడండి. తోక భాగం పలచగా మడతపడి కడుపుకు అతుక్కుని ఉంటే ఎండ్రికాయ. వెనక్కి పొడవుగా సాగి, చివర రెక్కల్లా విచ్చుకుంటే ముందుకు సాగండి.

3. మూడో కాలు చూడండి

అసలు పరీక్ష ఇదే. మిగతావన్నీ దీనికి సాక్ష్యాలు.

జీవిని ట్రేలో వెల్లకిలా పెట్టండి. బతికి ఉండి కొట్టుకుంటుంటే తడి గుడ్డ మడతలో తోక బిగించండి. తల డొప్ప కింద నుంచి అయిదు జతల కాళ్లు పుట్టి ఉంటాయి. మూడో జతను వెతకాలి. అయిదు జతలే కాబట్టి ముందు నుంచి లెక్కపెట్టినా వెనక నుంచి లెక్కపెట్టినా మూడోది మూడోదే. అయినా వెనక నుంచే లెక్కపెట్టండి. ముందు నుంచి మొదలెడితే నోటి పక్కన వెంట్రుకలతో కాళ్లలాగే కనిపించే నోటి అవయవాలను కూడా కలిపేసి లెక్క తప్పుతారు. డొప్ప వెనక అంచు దగ్గర ఉన్న చివరి కాలు నుంచి ఒకటి, రెండు, మూడు.

ఆ కాలిని టూత్‌పిక్‌తో పైకెత్తి కొస చూడండి.

కొస ఒంటి గోరులా ఉంటే అది మంచినీటి రొయ్య. అదే కొస రెండుగా చీలి చిన్న కత్తెరలా ఉంటే రెండు దార్లున్నాయి. మొదటి జత కాళ్లు మిగతా వాటికంటే ఎన్నో రెట్లు లావుగా, పెద్ద కత్తెరతో ఉంటే క్రేఫిష్. మూడు జతలకూ కత్తెరలు ఉండి, మూడూ సన్నగా ఇంచుమించు ఒకే మందంలో ఉంటే అది సముద్రపు రొయ్య, అంటే కోస్తా నుంచి ఐసులో వచ్చే వనామి, టైగర్ లాంటివి. చేపల మార్కెట్లో కొన్నదాన్ని చూస్తున్నప్పుడు ఈ రెండో దారి చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. "మూడు జతలకు కత్తెరలున్నాయి, కాబట్టి క్రేఫిష్" అని ఆగిపోకండి, మొదటి జత లావు కూడా చూడండి.

పెద్ద కత్తెర ఏ జతకు ఉందో ఇప్పుడు సరిచూడండి. క్రేఫిష్‌కు అది మొదటి జత. మంచినీటి రొయ్యకు రెండో జత. రొయ్య మొదటి జత కాళ్లకు కూడా కత్తెరలుంటాయి, కానీ అవి దారంలా సన్నవి, నోటి కిందకు ముడుచుకుని ఉంటాయి. వాటిని చూడకుండా లెక్కపెట్టి, పెద్ద కత్తెరలనే మొదటి జత అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. టూత్‌పిక్‌తో నోటి కింద మెల్లగా విడదీస్తే ఆ సన్నకాళ్లు బయటపడతాయి.

కాలు ఊడిపోయి ఉంటే? ఈ జీవులు ప్రమాదంలో కాలు తెంపుకుని పారిపోతాయి. పెంకు మార్చుకున్న కొద్దీ కొత్తది మొలుస్తుంది. అందుకే ఒక పక్క కత్తెర పెద్దది, ఇంకో పక్కది బుల్లిది కనిపించినంత మాత్రాన వేరే జాతి కాదు. మూడో కాలు ఒక పక్క లేకపోతే రెండో పక్క చూడండి. రెండు పక్కలా లేకపోతే ఈ పరీక్ష వదిలేసి 4, 5 అంచెల మీద ఆధారపడండి.

4. తలమీది ముల్లు, డొప్ప మీది గాడి

జీవిని బోర్లా తిప్పండి. రొయ్య తల ముందు పొడవైన, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉన్న ముల్లు ఉంటుంది. పైనా కిందా రంపపు పళ్లుంటాయి. క్రేఫిష్‌కు ఆ చోట పొట్టిగా, వెడల్పుగా, పైనుంచి చూస్తే త్రికోణంలా కనిపించే ముక్కు ఉంటుంది. కింద రంపపు పళ్లు ఉండవు.

తర్వాత డొప్ప పైన వేలు పెట్టి ముందు నుంచి వెనక్కి రాయండి. క్రేఫిష్‌కు డొప్ప మధ్యలో అడ్డంగా, వంపు తిరిగిన లోతైన గాడి వేలికి తగులుతుంది. తలకూ వీపుకూ మధ్య సరిహద్దు అది. మంచినీటి రొయ్య వీపు మీద అలాంటి అడ్డగాడి ఉండదు, నున్నగా సాగిపోతుంది. చీకట్లో, టార్చి లేకుండా, చేతివేలితోనే చేయగల పరీక్ష ఇది.

నడుము, అంటే డొప్ప వెనక నుంచి తోక దాకా ఉన్న భాగం, దాని ఆకారం కూడా తేడానే. రొయ్య పక్కల నుంచి నొక్కినట్టు ఎత్తుగా ఉంటుంది, ట్రేలో పెడితే పక్కకు ఒరుగుతుంది. క్రేఫిష్ పైనుంచి నొక్కినట్టు వెడల్పుగా ఉంటుంది, స్థిరంగా కూర్చుంటుంది.

5. కడుపు కింద గుడ్లు, పిల్లలు

గుడ్లున్న ఆడది దొరికితే పని సులువు. తోక కింద ఈతకాళ్లకు అంటుకున్న గుడ్లను స్కేలు పక్కన పెట్టి చూడండి. నీలకంఠ రొయ్య గుడ్డు మిల్లీమీటరు కంటే చిన్నది, వేల సంఖ్యలో గుత్తిగా ఉంటాయి. మొదట నారింజ రంగు, పొదిగే రోజు దగ్గరపడ్డాక బూడిద రంగుకు తిరుగుతాయి. క్రేఫిష్ గుడ్డు 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, వందల్లోనే ఉంటాయి, ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తుంది.

తోక కింద గుడ్లు కాదు, తల్లి రూపంలోనే ఉన్న బుల్లి పిల్లలు వేలాడుతుంటే మరో పరీక్షే అక్కర్లేదు. అది క్రేఫిష్. రెండుసార్లు పెంకు మార్చుకునేదాకా పిల్లలు తల్లినే పట్టుకుని ఉంటాయి.

ఈ తేడా గుర్తుపట్టడానికి మాత్రమే కాదు, భయపడాలా వద్దా అన్నది తేల్చడానికి కూడా. నీలకంఠ రొయ్య పిల్ల మొదట కంటికి సరిగా ఆనని లార్వాగా పుడుతుంది. 11 దశలు దాటి రొయ్య రూపం వచ్చేదాకా దానికి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. హేచరీల్లో లీటరుకు 12 గ్రాముల ఉప్పు ఉండేలా నీళ్లు కలిపి పెంచుతారు. పాకాలలో, రామప్పలో, లోయర్ మానేరులో ఆ ఉప్పు ఎక్కడిది? అందుకే మన చెరువుల్లో నీలకంఠ గుడ్లు పెట్టుకుని తిరుగుతుంది గాని సంతానం నిలవదు, పిల్లల్ని ఏటేటా తెచ్చి వదలాల్సిందే. "నిరుడు వదిలితే ఈ ఏడు వాటంతట అవే పెరుగుతాయా" అని అడిగే మత్స్యకార సంఘం సభ్యులకు జవాబు ఇదే. క్రేఫిష్‌కు లార్వా దశ లేదు, ఉప్పుతో పని లేదు. జత దొరికితే చాలు, చెరువులోనే వంశం మొదలవుతుంది.

6. రొయ్య అని తేలితే, ఏ రొయ్య?

ముందు నడుము పలకలు చూసి సముద్రపు రొయ్యను వేరుచేయండి. నడుముకు పక్కల వేలాడే పలకల్లో రెండోది వెడల్పుగా గుండ్రంగా ఉండి, తన ముందున్న మొదటి పలకనూ వెనకున్న మూడో పలకనూ రెండిటినీ కప్పుతుంటే మంచినీటి రొయ్య గుంపు. సముద్రపు రొయ్యకు మొదటి పలకే రెండోదాని మీదికి వస్తుంది. తల తీసేసి అమ్మే రొయ్య మీద కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది. వంటకు తెచ్చిన రొయ్య ఏ గుంపుదో తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైనది లేదు. క్రేఫిష్‌ను తేల్చడానికి మాత్రం దీన్ని వాడకండి, దాని మొదటి పలక మరీ చిన్నది, మోసపోతారు.

మంచినీటి గుంపులో మన దగ్గర ముఖ్యంగా మూడు.

నీలకంఠ రొయ్య, శాస్త్రీయ నామం మాక్రోబ్రేకియం రోసెన్‌బర్గై. మగది 32 సెంటీమీటర్ల దాకా, ఆడది 25 దాకా పెరిగే జాతి. తలముల్లు బాగా పొడవు, కొస పైకి వంగి ఉంటుంది. పై అంచున 11 నుంచి 14 పళ్లు, కింది అంచున 8 నుంచి 14. ముదిరిన మగదాని పెద్ద కత్తెరలో కదిలే వేలు మీద మెత్తటి నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. పిల్ల రొయ్యల తల డొప్ప పక్కన పొడుగునా ముదురు గీతలుంటాయి.

గోదావరి ఏటి రొయ్య, మాక్రోబ్రేకియం మాల్కమ్‌సోనై. నీలకంఠ కంటే చిన్నది. పై అంచున 9 నుంచి 14 పళ్లు, కింది అంచున 5 నుంచి 10. రెండు జాతుల అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, గమనించారా? కింది పళ్లు 5 నుంచి 7 ఉంటే మాల్కమ్‌సోనై, 11 దాటితే రోసెన్‌బర్గై అని ధైర్యంగా చెప్పొచ్చు. 8, 9, 10 అయితే పళ్ల లెక్క మీద తేల్చకండి, ముల్లు పొడవు, కొస వంపు చూడండి. మాల్కమ్‌సోనై ముల్లు కళ్ల పైన కాస్త ఎత్తుగా లేచి ఉంటుంది, కొస అంతగా సాగదు. దీని లార్వాకు కూడా ఉప్పు కలిసిన నీళ్లే కావాలి. నదిలో కిందికీ పైకీ తిరిగే జీవి కాబట్టి ఆనకట్టలు దాని దారికి అడ్డం.

మూడోది, అద్దంలా లోపలిది కనిపించే చిన్న రొయ్య, మాక్రోబ్రేకియం లామరై. వేలెడంతకు మించదు. మంచినీళ్లలోనే పుట్టి అక్కడే పెరుగుతుంది కాబట్టి ఎవరూ వదలకుండానే చెరువులో ఎప్పుడూ ఉంటుంది. దీన్ని చూసి "నీలకంఠ పిల్లలు పెట్టింది" అని సంబరపడేవాళ్లున్నారు.

ఒకే వలలో పడ్డ నీలకంఠ మగవాటిని చూసి మూడు జాతులు అనుకోవడం దగ్గర కాసేపు ఆగాలి. ఒకే రోజు వదిలిన ఒకే జాతి పిల్లలు మూడు రకాల మగవాళ్లుగా పెరుగుతాయి. చిన్న మగది: కత్తెరలు చిన్నవి, రంగు పాలిపోయినట్టుంటుంది. నారింజ కత్తెర మగది: వేగంగా బరువు పెరిగే దశ. నీలి కత్తెర మగది: ముదురు నీలం, ముళ్లతో నిండిన కత్తెర కాలు, ఒక్కోసారి ఒంటి పొడవును మించి ఉంటుంది. నీలి మగది చుట్టుపక్కల వాటిని అణచి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే నారింజ వాటిలో ఒకటి పెంకు మార్చుకుని నీలిదవుతుంది. "బ్లూ లాబ్‌స్టర్" అని ఫోటోలు తిరిగేది చాలావరకు ఈ నీలి మగదే. మూడో కాలు చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

7. క్రేఫిష్ అని తేలితే, ఏ క్రేఫిష్?

అక్వేరియం వ్యాపారంలో ప్రపంచమంతా ఎక్కువగా తిరిగేవి ఇవి.

ఎర్ర చిత్తడి క్రేఫిష్, ప్రొకాంబరస్ క్లార్కి. సొంత ఊరు అమెరికా దక్షిణ మధ్య ప్రాంతం, మెక్సికో ఈశాన్య భాగం. కత్తెరల మీద గరుకైన ఎర్ర బొడిపెలుంటాయి. డొప్ప వెనక సగంలో రెండు పక్కల నుంచి వంగి వచ్చే గీతలు నడిమధ్య కలిసిపోతాయి, వాటి మధ్య ఖాళీ ఉండదు. ఈ ఖాళీ లేకపోవడమే గట్టి గుర్తు. నీలం, తెలుపు రంగుల్లో కూడా పెంచి అమ్ముతారు కాబట్టి ఎర్రగా లేదని కొట్టిపారేయకండి.

ఎర్ర కత్తెర క్రేఫిష్, చెరాక్స్ క్వాడ్రికారినేటస్. ఉత్తర ఆస్ట్రేలియా, దక్షిణ న్యూగినీ జీవి. ఒళ్లు నీలి ఆకుపచ్చ, నున్నటి కత్తెర. తల డొప్ప ముందు భాగంలో పొడుగునా నాలుగు గట్లు వేలికి తగులుతాయి. ఎదిగిన మగదాని కత్తెర బయటి అంచున మెత్తటి ఎర్ర మచ్చ ఉంటుంది. ఆడదానికి, చిన్నదానికి ఆ మచ్చ ఉండదు. 20 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. నీలకంఠ అని పొరబడే క్రేఫిష్ ఏదైనా ఉందంటే ఇదే.

పాలరాయి క్రేఫిష్, ప్రొకాంబరస్ వర్జినాలిస్. ఒంటి నిండా పాలరాతి చారలు, కత్తెరలు సన్నవి, చిన్నవి. 1990ల్లో జర్మనీ అక్వేరియం వ్యాపారంలో బయటపడింది. మగది లేదు, అన్నీ ఆడవే, జత కట్టకుండానే గుడ్లు పెడతాయి. అంటే ఒక్కటి తప్పించుకున్నా సరిపోతుంది. మడగాస్కర్‌లో అలాగే పాకింది.

ప్రొకాంబరస్ గుంపులో ఆడామగా చూడాలంటే మళ్లీ వెల్లకిలా తిప్పండి. మగదానికి తోక మొదట్లోని ముందు జత ఈతకాళ్లు గట్టిపడి, కాళ్ల మధ్యకు ముందుకు మడిచి ఉంటాయి. ఆడదానికి అవి ఉండవు, చివరి రెండు జతల కాళ్ల మధ్య చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఎర్ర కత్తెరదానికైతే అయిదో జత కాళ్ల మొదట్లో చిన్న బుడిపెలుంటే మగది, మూడో జత మొదట్లో రంధ్రాలుంటే ఆడది.

8. సరిచూసుకోండి

మూడు గుర్తులు ఒకే మాట చెప్పాలి: మూడో కాలు కొస, పెద్ద కత్తెర ఏ జతకు ఉందన్నది, డొప్ప మీది గాడి. మూడూ కలిస్తే తేలినట్టే. ఏ ఒక్కటి ఎదురు తిరిగినా కాళ్లు మళ్లీ వెనక నుంచి లెక్కపెట్టండి, తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

చేయి తిరగాలంటే మార్కెట్లో తలతో ఉన్న వనామి ఒకటి, నీలకంఠ ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టి 3వ అంచె, నడుము పలకల పరీక్ష చేయండి. వండుకునే ముందు పది నిమిషాల పని. తర్వాత ఇంట్లో ఇంకొకరికి జవాబు చెప్పకుండా అదే జీవిని ఇచ్చి లెక్కపెట్టమనండి. ఇద్దరి జవాబూ ఒకటైతే మీ పద్ధతి కుదిరినట్టు.

తరచు జరిగే తప్పులు

ఎర్రగా ఉంది కాబట్టి క్రేఫిష్ అనడం. రొయ్య పెంకులో ఎర్ర రంగు మొదటి నుంచీ ఉంటుంది, మాంసకృత్తుతో ముడిపడి ఉన్నంతకాలం నీలంగానో బూడిదగానో కనిపిస్తుంది. వేడి తగిలితే ఆ ముడి విడిపోతుంది. ఉడికించినా, చచ్చి ఎండలో పడున్నా ఎర్రబడుతుంది. కాళ్ల లెక్క మాత్రం ఉడికినా మారదు.

కత్తెరలతో కలిపి కొలవడం. "రెండడుగుల రొయ్య" కబుర్లు ఇలాగే పుడతాయి. కొలత తలముల్లు కొస నుంచి తోక మధ్య ముల్లు కొస దాకా, ఒళ్లు చాపి. ముల్లు విరిగి ఉంటే కంటి గుంట వెనక అంచు నుంచి డొప్ప వెనక అంచు దాకా కొలిచి, అది డొప్ప పొడవు అని విడిగా రాసుకోండి.

ఒడ్డున దొరికిన ఖాళీ పెంకును పారేయడం. పెరిగేటప్పుడు విడిచిన పెంకులో కాళ్లు, కత్తెరలు, తలముల్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. బతికినదాని కంటే దాన్ని చూడటమే సులువు, కరవదు, కదలదు. నీళ్లలో తడిపి మెత్తబరిచి కాళ్లు విడదీయండి, ఎండినది ముట్టుకుంటే విరుగుతుంది.

పైనుంచి ఒక్క ఫోటో తీసి పంపడం. ఆ ఫోటోలో మూడో కాలు కొస కనబడదు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి, మూడో కాలు కొస దగ్గరగా ఒకటి. నాలుగూ స్కేలు పక్కన పెట్టి తీయండి.

క్రేఫిష్ అయితే ఏం చేయాలి

తిరిగి నీళ్లలో వేయకండి. జాలిపడి పక్క కుంటలో వదలడం ఇంకా పెద్ద తప్పు. ఎర్ర చిత్తడి క్రేఫిష్ మట్టిలో బొరియలు తవ్వి, నీళ్లు ఎండినా లోపల తడిలో గడిపేస్తుంది. 1970ల్లో స్పెయిన్‌లోకి పెంపకానికి తెచ్చారు, వరి పొలాల గెట్లకు, కాలువ గట్లకు బొక్కలు పెట్టి నీళ్లు నిలవకుండా చేసింది. యాసంగి వరి కింద చెరువులున్న మన ప్రాంతానికి అంతకంటే చెప్పాల్సింది లేదు. జపాన్ 2023 నుంచి దీని అమ్మకాన్ని, బయట వదలడాన్ని నిషేధించింది.

మూత ఉన్న బకెట్లో తడి గుడ్డ వేసి ఉంచండి. దొరికిన చెరువు పేరు, ఊరు, తేదీ, తూము దగ్గరా మత్తడి దగ్గరా, ఏ వలలో పడిందన్నది అప్పుడే కాగితం మీద రాయండి, రేపటికి మరిచిపోతారు. జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి తెలపండి. కాకతీయ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానికి గాని, హైదరాబాద్‌లోని జువాలజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రానికి గాని నమూనా చూపిస్తే జాతి ఖాయమవుతుంది. ఆ వలనూ బూట్లనూ ఇంకో చెరువుకు తీసుకెళ్లే ముందు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఇంట్లో తొట్టిలో పెంచుతున్నవాళ్లు తొట్టి నీళ్లు మోరీలో పోసే ముందు జల్లెడ పట్టండి, పిల్లలు గింజంత ఉంటాయి.

వండుకుని తినొచ్చా అంటారు. బాగా ఉడికిస్తే తినొచ్చు, కానీ ముందు ఫోటోలు, నమూనా పని పూర్తి చేయండి. మంచినీటి ఎండ్రికాయలు, క్రేఫిష్‌లు పచ్చిగా గాని సగం ఉడికించి గాని తింటే ఊపిరితిత్తుల్లో చేరే పురుగు ఒకటి ఉంది, దగ్గులో రక్తం పడి క్షయ అని పొరబడతారు. దాన్ని శుభ్రం చేయడానికి వాడిన కత్తి, పలక కూడా వేడినీళ్లతో కడగాలి.

నమూనా దాచాలంటే ముందు మూడు నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి, చచ్చిపోతుంది. తర్వాత గాజు సీసాలో 70 శాతం ఆల్కహాల్ పోసి ముంచండి. దొరక్కపోతే నీళ్లలా ఉండే శానిటైజర్ కొన్నాళ్లు సరిపోతుంది, జెల్లీలా ఉండేది పనికిరాదు. ఫార్మలిన్ వద్దు, కాళ్లు బిగుసుకుని విరుగుతాయి, తర్వాత డీఎన్‌ఏ పరీక్షకూ అక్కరకు రాదు. పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగిపోతుంది.